కరకట్ట ఎక్కాల్సిన బండి

కృష్ణా డెల్టాలో పుట్టినవాడికి ఎత్తు అంటే కరకట్టే. అంతకన్నా ఎత్తు చూడాలని సరదా పుడితే బెజవాడ వెళ్ళి కొండలు చూసుకుని రావాలి. బందరు నుంచి దివిసీమ దాకా నేలంతా చేటలో చదును చేసిన బియ్యంలా ఉంటుంది. ఇలాంటిచోట బతికే మనిషికి కారు ఎత్తు ఎక్కుతుందా లేదా అన్న దిగులు ఎందుకుండాలి చెప్పండి? కానీ కృపానందం గారికి ఉంది. ఆ దిగులుతో ఆయన చిక్కి సగమయ్యాడంటే అబద్ధం. మనిషి నిక్షేపంగా ఉన్నాడు. నిద్ర మాత్రం సరిగ్గా పట్టడం లేదు.

ఆయన కాలువల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరై బందరులో ఉంటున్నాడు. ఉద్యోగమున్నన్నాళ్ళూ లాకులూ తూములూ షట్టర్లే లోకం. రిటైరయ్యాక ఒకటే కోరిక మిగిలింది. తన పాత డీజిలు కారులో పక్కన భార్య సరోజినిని కూర్చోబెట్టుకుని, ఇన్నాళ్ళూ జీపులో ఒంటరిగా తిరిగిన గట్లన్నీ ఆమెకి చూపించాలి. పెద్ద కోరికేం కాదు. చాలామంది మగవాళ్ళకి ఆ మాత్రం కూడా తట్టదు.

ఆ కోరికకి పోయినేడు కోత పండుగనాడు గండి పడింది.

సరోజిని చర్చి క్వయర్‌లో పాటలు నేర్పుతుంది. ఏటా కోతలయ్యాక నాగాయలంక దాటి, కరకట్ట ఎక్కి దిగితే వచ్చే ఓ లంక ఊరి చర్చిలో పండుగ చేస్తారు. మొదటి పంటగా తెచ్చిన గుమ్మడికాయలూ కోళ్ళూ అరటిగెలలూ అక్కడే వేలంపాట పాడతారు. ఆ పండుగకి క్వయర్ ఆడవాళ్ళు ముగ్గురినీ, హార్మోనియాన్నీ, ఓ బియ్యం బస్తానీ, ముందు సీట్లో సరోజినినీ ఎక్కించుకుని కృపానందం గారు దర్జాగా బయల్దేరాడు. కరకట్ట వాలు మొదట్లో కారు ఆగిపోయింది. ఆ బండి జబ్బే అంత. యాక్సిలరేటర్ తొక్కితే వెంటనే కదలదు. కాసేపు ఆలోచిస్తుంది. సర్లే అనుకున్నాక ఒక్కసారిగా గెంతుతుంది. చదును నేల మీద ఆ ఆలోచన సంగతి ఎవరికీ తెలియదు. వాలు మీద ఆలోచిస్తూ కూర్చుంటే మాత్రం బండి వెనక్కి జారుతుంది. జారింది. క్వయర్ ఆడవాళ్ళు "యేసయ్యా!" అని కేకలు పెట్టారు.

అప్పుడు కృపానందం గారు భార్య వైపు తిరిగి, "సరోజినీ, నువ్వు కాస్త దిగు. నీ బరువు తగ్గితే ఎక్కుద్ది" అన్నాడు.

మరి వెనక కూర్చున్న ముగ్గురిలో ఒకర్ని అడగొచ్చు కదా? అడగడు. పరాయి ఆడవాళ్ళని దిగమంటే బాగుండదు, సొంత భార్యనైతే అనొచ్చు. మన మగవాళ్ళ మర్యాద అంత గొప్పది. సరోజిని దిగింది. పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, వాలు పక్కన టీ కొట్టు ముందు కూర్చున్న మగాళ్ళంతా చూస్తుండగా, ఆ దుమ్ములో పైదాకా నడిచింది. కారు వెనకాలే గెంతుకుంటూ వచ్చింది. "చూశావా, ఎక్కేసింది!" అని కృపానందం గారు పళ్ళికిలించాడు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. ఆయన చేసిన తప్పేమిటో మీకూ నాకూ తెలుస్తూనే ఉంది. ఆయనకే తెలియలేదు. ఆ రోజు నుంచి సరోజిని ఆ కారెక్కలేదు. పోట్లాడలేదు, అలగలేదు, అన్నం మానలేదు. "ఆ బండి నాకు పడదండీ, నేను బస్సులో వెళ్తాను" అంది, అంతే. ఒట్టు కూడా పెట్టలేదు. ఒట్లు పెట్టుకోవద్దని బైబిలు వాక్యంలోనే ఉంది కదా అంది. కృపానందం గారు మాత్రం, కుదుపుకి భయపడింది పాపం అనుకున్నాడు.

తర్వాత జరిగింది చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఆదివారం ఆరాధనకి అవనిగడ్డలో తమ చర్చికి సరోజిని బస్సెక్కేది. కృపానందం గారికి ఇంట్లో కూర్చోబుద్ధి కాక ఖాళీ కారు తీసుకుని ఆ బస్సు వెనకాలే వెళ్ళేవాడు. చల్లపల్లిలో బస్సు ఆగితే కారూ ఆగేది. మోపిదేవిలో బస్సు కదిలితే కారూ కదిలేది. కిటికీలోంచి సరోజిని కొంగు ఎగిరితే ఈయన అద్దం దించేవాడు. కండక్టరు ఓ రోజు ఉండబట్టలేక, "అమ్మా, ఆ కారాయన బందరు నుంచి మన వెంటే పడ్డాడు, పోలీసులకి చెప్పమంటారా?" అన్నాడు.

"వద్దులే బాబూ, మా ఆయనే" అంది సరోజిని.

బస్సంతా పడీ పడీ నవ్వింది. ఆవిడా నవ్వింది. కానీ దిగి కారెక్కలేదు.

అలా ఏడాది తిరిగింది. మళ్ళీ కోతలు మొదలయ్యాయి. ఈసారి పండుగకి ఆమె తన కారులోనే, తన పక్కనే కూర్చుని రావాలని కృపానందం గారు మనసులో గట్టిగా అనుకున్నాడు. ఈసారీ బస్సే ఎక్కితే ఇక జన్మలో ఎక్కదని ఆయనకి భయం పట్టుకుంది. ఆ మాట పైకి చెప్పలేదు గానీ, అన్నం తింటూ తింటూ ఆగిపోయేవాడు.

అప్పుడే ఎవరో గుడివాడలో వీరదుర్గ షెడ్డు సంగతి చెప్పారు. వాళ్ళ నాన్న లారీల డీజిలు పంపులు బాగుచేసేవాడు. ఈ పిల్ల ఇంజనీరింగ్ చదివి, పుణెలో కార్ల కంపెనీలో కొన్నాళ్ళు పనిచేసి, ఎవడి కిందా చెయ్యలేనని తిరిగొచ్చి, నాన్న షెడ్డులోనే లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. నోరు పెద్దది, చెయ్యి అంతకన్నా మంచిది. కారులో కృపానందం గారి పక్కన కూర్చుని గుడ్లవల్లేరు దాకా వెళ్ళొచ్చి, లాప్‌టాప్‌లో గీతలు చూసి ఫక్కున నవ్వింది.

"బాబాయ్ గారూ, మీ బండికి జబ్బేం లేదు. బద్ధకం. ఇంజన్లోంచి వచ్చే పొగ ఊరికే పోకుండా ఒక చక్రాన్ని తిప్పుద్ది. ఆ చక్రం ఇంజన్లోకి గాలి నెడుద్ది. గాలి ఎంత వెళ్తే బండికి అంత బలం. టర్బో అంటే ఇదే. గాలి మరీ ఎక్కువైతే ఇంజను పోద్దని, పొగ పక్కకి పోడానికి ఒక గేటు పెడతారు. మీ గేటుని ఉత్త స్ప్రింగు పట్టుకునుంది. కాస్త ఒత్తిడి రాగానే అది వదులైపోయి, చక్రం తిప్పాల్సిన పొగ సందులోంచి జారిపోతంది. అందుకే మీరు తొక్కాక బండి అంతసేపు ఆలోచిస్తంది."

కృపానందం గారి మొహం వెలిగిపోయింది. "అంటే తూము షట్టరు సరిగ్గా దిగక నీళ్ళు కారిపోతన్నట్టు! ఇంక కాలువ ఏం నిండుద్ది, శివారు చేలకి నీళ్ళేం అందుతయ్!"

"అబ్బ, ఇంత బాగా నాకెవరూ చెప్పలేదండీ. ఆ స్ప్రింగు పెత్తనం తీసేసి, గేటుకి చిన్న ఎలక్ట్రానిక్ వాల్వు పెడతాను. గాలి ఎంత కావాలో కంప్యూటరు చూసుకుని, అంతదాకా గేటు బిగించి పట్టుకుంటది. చక్రం తొందరగా తిరుగుద్ది. మీరు తొక్కగానే బండి పలుకుద్ది."

"బాగుంది. అయితే గాలి కూడా కాస్త ఎక్కువే పెట్టమ్మా."

"ఎక్కువెందుకండీ? మీక్కావాల్సింది ముందుగా రావడం."

"నీకు తెలీదు. శివారుకి నీళ్ళు అందకపోతే మేమేం చేసేవాళ్ళం? పైన లాకుల దగ్గర ఇంకాస్త ఎక్కువ వదిలేవాళ్ళం. ముప్పై ఏళ్ళు అదే చేశాను."

"వదిలితే పైనున్నోళ్ళ చేలు మునిగేయి కదా?"

కృపానందం గారు ఆ ప్రశ్న వినబడనట్టు పైకప్పు వైపు చూశాడు. మునిగేవి మరి. ఆ పంచాయితీలు వేరే కథ. ఈ పెద్దాయన తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకమని వీరదుర్గకి అర్థమైపోయింది. వాల్వు బిగించి, లాప్‌టాప్‌తో గుడివాడ రోడ్ల మీద తిప్పి తిప్పి సరిచేసి, స్టీరింగు కింద గాలి పెంచడానికి ఓ చిన్న నాబ్ పెట్టింది. ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు.

"మీ ముచ్చట కాదనలేక పెడతన్నాను. మీ బండికి రెండు చాలు. రెండు దాటి తిప్పితే నాకు ఫోన్ చెయ్యొద్దు" అంది.

గుడివాడ నుంచి బందరు వస్తుంటే కృపానందం గారికి వయసు తగ్గినట్టయింది. పాదం ఇలా ఆనిస్తే కారు అలా వెళ్తోంది. పెడన దగ్గర గడ్డి ట్రాక్టరుని దాటడానికి ఎప్పుడూ ఓ మైలు ముందు నుంచే తొక్కుకుంటూ వచ్చేవాడు. ఇప్పుడు అనుకోగానే దాటేశాడు. దాటాక మళ్ళీ వెనకబడి ఇంకోసారి దాటాడు. ట్రాక్టరువాడు ఈయనకేదో అయిందనుకుని పక్కకి తీసి ఆపుకున్నాడు.

ఇంటికొచ్చి, "సరోజినీ, బండి ఇంక కుదపదు. కోత పండక్కి మనం కార్లోనే వెళ్తన్నాం" అన్నాడు.

సరోజిని పప్పులో రాళ్ళు ఏరుతూ, "కట్ట ఎక్కుద్దా?" అంది.

"ఎందుకెక్కదు! అందరితో ఎక్కుద్ది."

"నేనుండగా?"

"నువ్వుండగానే."

ఆమె ఆయన మొహంలోకి ఓసారి చూసి, "చూద్దాం" అని మళ్ళీ పప్పులోకి తలొంచుకుంది. ఆ చూపులో ఏముందో ఆయన పట్టించుకోలేదు. "చూద్దాం" అన్న మాటొక్కటీ పట్టుకుని ఎగిరి గంతేశాడు.

కానీ ఇన్‌స్పెక్టరు బుద్ధి ఎక్కడికి పోతుంది! కొత్త షట్టరు పెడితే నీళ్ళు వదలకముందే పరీక్ష చూడాలి. చదును రోడ్డు మీద ఎంత ఎగిరినా కట్ట కట్టే. పైగా ఖాళీ బండి వేరు, నిండు బండి వేరు. క్వయర్ ఆడవాళ్ళని పిలిచి, రండమ్మా మిమ్మల్ని ఎక్కించి చూస్తాను అంటే బాగుండదు. అందుకని అవనిగడ్డలో తెలిసిన రైతు దగ్గర వడ్ల బస్తాలు అడిగి తెచ్చాడు. వెనక సీట్లలో మూడు బస్తాలు వేశాడు. ముందు సీట్లో ఒకటి నిలబెట్టి, పడిపోకుండా సీటుబెల్టు కట్టాడు. అలా వడ్ల బస్తాతో కబుర్లాడుకుంటూ కృపానందం గారు పట్టపగలు నాగాయలంక మీదుగా కట్ట దగ్గరికి వెళ్ళాడు. దారిలో చూడని మనిషి లేడు.

వాలు ముందు ఆగి నాబ్ వంక చూశాడు. రెండు మీద ఉంది. ఇంత బరువు, ఇంత ఎత్తు, రెండేం సరిపోతుంది అనుకుని ఐదుకి తిప్పాడు. పాత అలవాటుగా, బండి ఎలాగూ కాసేపు ఆలోచిస్తుంది కదా అని, పెడల్ నేలదాకా తొక్కిపట్టాడు.

బండి ఆలోచించలేదు. ముల్లుకర్ర తగిలిన గిత్తలా వాలు మీదకి దూకింది. వెనక బస్తాలు దొర్లాయి. టీ కొట్టు దుర్గారావు గ్లాసులు వదిలేసి పరిగెత్తాడు. కృపానందం గారు బెదిరిపోయి బ్రేకు తొక్కేసరికి, ముందు సీట్లో బస్తా బెల్టు కింద నుంచి జారి, ఎదుటి డ్యాష్‌బోర్డుకి గుద్దుకుని పర్రున చిరిగింది. కారు నిండా వడ్లే. తలుపు తీస్తే వాలంతా జలజలా రాలాయి. ఊళ్ళో కోళ్ళన్నిటికీ ఎవరు కబురు పెట్టారో, దండుగా వచ్చేశాయి.

"ఇన్‌స్పెక్టరు గారూ, దెబ్బలేం తగల్లేదు కదండీ?" అన్నాడు దుర్గారావు రొప్పుతూ. "ఈ ముందు బస్తా ఎవరికండీ?"

"మా ఆవిడకి" అన్నాడు ఆయన, గాభరాలో.

ఫోన్ చెయ్యొద్దన్న వీరదుర్గకే ఫోన్ చేశాడు. అవతలి నుంచి అక్షింతలు బాగానే పడ్డాయి. "ఎక్కువొద్దు, ముందుగా వస్తే చాలని చెప్పానా లేదా? ఇంకో సంగతి బాబాయ్ గారూ, ఎంత కావాలో అంతే తొక్కండి. ఆ బండి ఇప్పుడు మీ మాట వెంటనే వింటది. వినే దాని మీద అరవక్కర్లేదు."

కృపానందం గారు వడ్లు ఎత్తించి, ఇంకో బస్తా తెప్పించి బెల్టు కట్టాడు. నాబ్ రెండుకి తిప్పి, పాదం మెల్లగా ఆనించాడు. బండి ఎక్కడా ఆగకుండా, వెనక్కి జారకుండా, గెంతకుండా, గట్టెక్కి నిలబడింది. ఆయనకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బస్తా భుజం మీద చెయ్యి వేసి, "చూశావా!" అన్నాడు.

ఆయన ఇల్లు చేరేలోగా కబురు బందరు చేరిపోయింది. దుర్గారావు చుట్టాలు బందరులో ఉన్నారు మరి. క్వయర్‌లో పెద్ద గొంతు సూర్యకుమారి ఆయాసపడుతూ వచ్చి చెప్పింది.

"అక్కా, బావగారు నీ బదులు వడ్ల బస్తాని కూర్చోబెట్టి, బెల్టు కట్టి ఊరేగించారంట! దాని మీద చెయ్యి కూడా వేశారంట!"

కృపానందం గారు గుమ్మంలోకి రాగానే సరోజిని నడుం మీద చేతులేసుకుని నిలబడింది. "నా వంతుకి ఎన్ని కిలోల బస్తా పెట్టారు?"

ఆయన చెప్పులు విడవబోతూ ఆగాడు. "అది... నీకంటే బాగా బరువైందే పెట్టాను. నువ్వెక్కినప్పుడు బండికి తేలిగ్గా ఉండాలని. గట్టు కట్టేటప్పుడు కూడా వరద కంటే కాస్త ఎత్తే కడతాం కదా."

సరోజినికి నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "మొదటిసారి బండి తిన్నగా ఎక్కలేదంట కదా. ఆ బస్తాని దిగమన్నారా?" అని అడిగింది.

"బస్తాని ఎలా దిగమంటాం?"

"అదే మరి" అని లోపలికి వెళ్ళిపోయింది. కాసేపాగి వంటింట్లోంచి, "వస్తానులెండి పండక్కి. బస్తా కంటే నేను కాస్త కుదురుగానే కూర్చుంటాను" అంది.

కృపానందం గారు సంబరపడిపోయాడు. కానీ ఆ "అదే మరి" అన్న మాట మాత్రం పంటి సందున పీచులా ఇరుక్కుంది. ఎంత కెలికినా అదేమిటో అంతుపట్టలేదు.

పండుగనాడు పొద్దున్నే కారు కడిగి తుడిచి గుమ్మం ముందు పెట్టాడు. వెనక సూర్యకుమారి, ఇంకో ఇద్దరు, హార్మోనియం, బియ్యం బస్తా. ముందు సీట్లో, ఏడాది తర్వాత, సరోజిని. ఆయన మాటిమాటికీ ఎడమవైపు చూస్తుంటే, "రోడ్డు చూడండి" అని కసిరింది. ఆ కసురు కూడా ఆయనకి తీపిగానే ఉంది. కుడివైపు మినుము చల్లిన చేలు, ఎడమవైపు కాలువ. "ఈ తూము నేను కట్టించిందే" అని ఒకచోటా, "ఇక్కడ గండి పడితే నడుంలోతు నీళ్ళలో నిలబడ్డాం" అని ఇంకోచోటా చెప్పుకుంటూ పోయాడు. సరోజిని ఊఁ కొడుతూ విన్నది. నాగాయలంక దాటాక మాత్రం ఊఁ కొట్టడం మానేసింది.

కరకట్ట కనిపించింది. కృపానందం గారు గొంతు సవరించుకున్నాడు. నాబ్ రెండు మీదే ఉందో లేదో చూసుకున్నాడు. వెనక సూర్యకుమారి పోయినేడు వేలంపాటలో తనకి రావాల్సిన నల్లకోడిని ఎవరో ఎలా తన్నుకుపోయారో చెబుతోంది. ఆయన పాదం మెల్లగా ఆనించాడు. కారు వాలెక్కడం మొదలుపెట్టింది. ఒక్క కుదుపు లేదు. ఇంజను గొంతు కూడా పెద్దగా మారలేదు. కోడి కథలో నల్లకోడి గంపలోంచి తప్పించుకునేలోపే బండి కట్ట మీదకొచ్చేసింది.

"ఎక్కేశాం!" అన్నాడు కృపానందం గారు గట్టిగా.

"ఏం ఎక్కాం బావగారూ?" అంది సూర్యకుమారి.

"కట్ట!"

"అప్పుడేనా? సరే వినండి, ఆ కోడి ఏం చేసిందంటే..."

ఇంత కష్టపడితే చూసినవాళ్ళే లేరు. సరోజిని అయినా మెచ్చుకుంటుందని ఆయన ఎడమవైపు తిరిగాడు. తిరిగి, అలాగే ఉండిపోయాడు.

ఆమె కుడిచేత్తో చీర కుచ్చిళ్ళు మడమల పైకి ఎత్తి పట్టుకుంది. ఎడమచెయ్యి తలుపు హ్యాండిల్ మీద బిగుసుకుని ఉంది. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. కళ్ళు ఎదురుగా వాలు ఉన్నట్టే చూస్తున్నాయి.

"సరోజినీ, పైకొచ్చేశాం" అన్నాడు మెల్లగా.

ఆమె ఉలిక్కిపడి తన చేతుల వంక చూసుకుంది. "వచ్చేశామా? మళ్ళీ దిగమంటారేమోనని..." అంది. దెప్పలేదు. మామూలుగానే అంది.

ఏడాదిగా ఆయన కారుకి ఉందనుకున్న జబ్బు ఎవరికుందో అప్పుడు తెలిసింది. కట్ట మధ్యలో బండి ఆపేశాడు. వెనక గడ్డి ట్రాక్టరొకటి హారను కొడుతోంది. కొట్టుకోనీ అనుకున్నాడు. సిగ్గేస్తున్నా, వెనకున్న ముగ్గురికీ వినబడేలా చెప్పాడు.

"పోయినేడు నిన్ను దింపింది బండి కాదు సరోజినీ. నేను. ఇంతమందిలో ఆ మాట అన్నాను. తప్పయింది."

సూర్యకుమారి కోడి కథ నోట్లోనే ఆగిపోయింది.

"ఇప్పటికి తెలిసిందా?" అంది సరోజిని.

"ఇప్పుడే తెలిసింది."

"గుడివాడ వెళ్ళారు, వడ్లు పారబోశారు, బస్తాకి బెల్టు కట్టారు. ఈ ఒక్క మాటకి ఏడాది పట్టిందాండీ?" అంది ఆమె. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, ముక్కు ఎగబీల్చి, అంతలోనే నవ్వేసింది.

"నిజం చెప్పొద్దూ, ఆ రోజు దిగాల్సింది నేనే బావగారూ" అంది సూర్యకుమారి వెనక నుంచి. "అక్క కంటే నేనే బరువు. నోరు మూసుకుని కూర్చున్నాను."

"ఇప్పుడు మాత్రం ఎక్కడ మూశావే?" అంది సరోజిని. అందరూ గొల్లున నవ్వారు.

వెనక ట్రాక్టరు హారను ఆపకుండా మోగుతోంది. "పోనివ్వండి, వేలంపాట మొదలెట్టేస్తారు" అని సరోజిని తలుపు మీద నుంచి చెయ్యి తీసింది. కుచ్చిళ్ళు వదిలి, సీటు కాస్త వెనక్కి జరుపుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది.